నది రాగానే నవ్వారు

నవ్వారు. తెరమీదకి నది రాగానే నవ్వారు. ముందు మధ్య వరసల్లో ఎవడో ఒక్కడు ముక్కుతో నవ్వాడు, తరవాత వాడి పక్కవాళ్ళు, తరవాత సగం హాలు. నేను ఎనిమిదో వరసలో గోడవైపు చివరి సీట్లో ఉన్నాను, చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, చెప్పులు వదిలేసి, పాదాలు చల్లటి నేలకి ఆనించి, ఆ నవ్వు వెనకనుంచి వచ్చి నా మెడమీద పడింది. నవ్వకుండా ఎలా ఉంటారులే, అంత నీలంగా నీళ్ళు ఎక్కడా ఉండవు, అలలన్నీ ఒక్కసారే లేచి ఒక్కసారే పడుతున్నాయి బడిలో డ్రిల్లు చేసే పిల్లల్లాగా, పడవేమో నీళ్ళని తాకకుండా పైన ఎక్కడో జారుతోంది. కంప్యూటర్లో చేశారట. ఆరు నెలలు పట్టిందని ఉడత చెప్పింది. ఉడత అంటే నా కూతురు, ఈ సినిమా తీసింది అదే, నలభై రెండేళ్ళొచ్చినా ఇంట్లో దాని పేరు ఉడతే, ఆరు నెలలు అని చెప్పినప్పుడు దాని గొంతులో చిన్న గర్వం ఉంది, ఫోనులో కూడా తెలిసింది నాకు, ఊఁ అన్నాను, అంతకుమించి ఏమీ అనలేదు, అనాల్సింది, ఆరు నెలల కిందట ఒక్క మాట అనాల్సింది.

మా నాటకంలో నదికి నీళ్ళు లేవు. ఎనిమిదిమంది మనుషులు ప్రేక్షకులకి వీపు పెట్టి స్టేజీమీద వరసగా కూచుని ఊపిరి పీల్చి వదిలేవాళ్ళు, అంతే. నోటితో కాదు, గొంతు వెనకనుంచి, అందరూ కలిసి, వాళ్ళ భుజాలు లేచి పడేవి, వాటి మధ్య ఒక చెక్కబల్ల, అదే పడవ. మొదటి రెండు నిమిషాలు జనం వింతగా చూసేవాళ్ళు, మూడో నిమిషానికి ముందు వరసల్లో ఆడవాళ్ళు చీర కుచ్చెళ్ళు పైకి లాక్కునేవాళ్ళు, తడుస్తాయేమోనన్నట్టు, ఒట్టు, నేను కళ్ళారా చూశాను. రాసిందీ పాటలు కట్టిందీ మా ఆయన. పడవ నడిపే ఆడమనిషి కథ. మొగుడు పోయాక రేవులో పడవ తనే నడుపుతుంది, కూతుర్ని పెంచుతుంది, ఆ కూతురు పెద్దదై అదే నదిమీద కడుతున్న వంతెన పనిలో చేరుతుంది. వంతెన తెరిచిన రోజున రేవుకి ఎవరూ రారు. కూతురు కూడా వంతెనమీదుగానే వెళ్ళిపోతుంది. ఖాళీ పడవలో కూచుని తల్లి చివరి పాట పాడుతుంది. పంతొమ్మిదేళ్ళు ఆడాం ఆ నాటకం, ఎన్నెన్ని ఊళ్ళో, ఎన్ని రైళ్ళో, ఎన్ని బల్లలమీద నిద్రలో. నా పని ప్రాంప్టరు. పక్కతెర చాటున ముక్కాలి స్టూలుమీద కూచోవాలి, ఒళ్ళో నాటకం పుస్తకం, దానిమీద చిన్న దీపం, పాత్రధారికి మాట తప్పితే ప్రేక్షకులకి వినపడకుండా వాళ్ళకి మాత్రమే వినపడేట్టు మొదటి మాట అందించాలి. మొదటి మాట చాలు, మిగతావి తాడు పట్టుకుని లాగినట్టు వాటంతటవే వస్తాయి. నా రెండో మోకాలిమీద ఉడత కూచునేది, నాలుగేళ్ళప్పటినుంచీ, నాటకమంతా పెదాలు కదుపుతూ, అక్షరాలు అక్కడే నేర్చుకుంది, నా వేలు ఎక్కడుంటే దాని కళ్ళు అక్కడ.

ఇప్పుడు హీరోయిన్ వచ్చింది. ఈలలు వేశారు, పోనీలే, ఈలలు మంచివే. పేరున్న పిల్ల, కష్టపడింది, తెడ్డు పట్టుకోవడం నేర్చుకోడానికి మూడు వారాలు ఏదో చెరువులో తిరిగిందట, కానీ ముఖానికి అలుపు రావడంలేదు, పొద్దుణ్ణుంచీ పడవ నడిపిన మనిషి జుట్టు అలా ఉండదమ్మా, చెవి వెనక చెమటకి అంటుకుని ఉంటుంది. నా పక్కన ఇద్దరు అమ్మాయిలు, కాలేజీ పిల్లల్లా ఉన్నారు, పెద్ద డబ్బాలో పాప్‌కార్న్ ఒళ్ళో పెట్టుకుని, రెండో అమ్మాయి ఫోనులో ఏదో టైపు చేస్తూ తెరకేసి ఒక చూపు, ఫోనుకేసి నాలుగు చూపులు. నా ముందు వరసలో ఒక పెద్దాయన, పక్కన ఆయన భార్య. ఆయన నాటకం చూసినవాడు. నాకు తెలుస్తుంది. పాట మొదలయ్యేముందే ఆయన తల ఊగడం మొదలవుతుంది, తరవాత తెరమీద పాట ఇంకో దారిన పోతుంది, ఆయన తల మధ్యలో ఆగిపోతుంది. రెండుసార్లు అలా అయింది. మూడోసారి భార్యవైపు వంగి ఏదో అన్నాడు, ఆవిడ ఆయన చేతిమీద చెయ్యి వేసి ఊరుకోమన్నట్టు తట్టింది. నవ్వేవాళ్ళని భరించచ్చు, టిక్కెట్టు కొన్నారు, నవ్వుతారు. ఇలా జాలిపడి ఊరుకునేవాళ్ళని చూడ్డమే కష్టం.

శుక్రవారం విడుదలయింది. శుక్రవారం మధ్యాహ్నానికే రాసేశారు. నాటకానికి ఊపిరి పోశారు, సినిమాకి ప్రాణం తీశారు అని ఒకడు. పడవ మునిగింది, ఈత రానివాళ్ళు వెళ్ళకండి అని ఇంకొకడు. ఆ నీలం నీళ్ళమీద పిల్లలు ఫోటోలు చేసి పంచుకుంటున్నారు, నీళ్ళలో చేపల బదులు ఏవేవో పెట్టి. సాయంత్రానికి ఉడత ఫోను కట్టేసింది. శనివారం నేను వాళ్ళింటికి వెళ్ళాను, తలుపు తాళం వేసి ఉంది, పక్కింటావిడ పొద్దున్నే ఎటో వెళ్ళిందని చెప్పింది, టోపీ పెట్టుకుని. ఇవాళ పొద్దున గంటమ్మ ఫోన్ చేసింది. గంటమ్మ అంటే మా నాటకంలో పడవమనిషి వేషం వేసిన మనిషి, గంట కొట్టినట్టుంటుంది గొంతు, అందుకని ట్రూపులో అందరం అలా పిలిచేవాళ్ళం, ఇప్పుడు డెబ్బై దాటింది, ఆ గొంతు ఇంకా ఫోను చెవికి దూరం పెట్టుకోవలసినట్టే ఉంది. వెళ్ళకు, నువ్వు తట్టుకోలేవు, అంది. సరేనన్నాను. అన్నం వండుకున్నాను, తినకుండా మూతపెట్టి బస్సెక్కాను, మధ్యాహ్నం ఆటకి టిక్కెట్టు తీసుకున్నాను, టిక్కెట్లిచ్చే అబ్బాయి అదోలా చూసి, పక్క హాల్లో ఇంకో సినిమా ఉందండీ, చాలా బావుందంటున్నారు, అన్నాడు. మంచివాడే.

మళ్ళీ నవ్వు. ఈసారి వంతెన కూలీల పాటకి. ఇటుకలతో గెంతుతున్నారు. మా నాటకంలో ఆ పాటకి ఎవరూ గెంతరు, ఆ ఎనిమిదిమందే లేచి ఇటుపక్కకి తిరిగి ఒకరి చేతినుంచి ఇంకొకరి చేతికి ఏమీ లేని ఇటుక అందిస్తూ పాడతారు, ఆఖరి మనిషి చేతికి వచ్చేసరికి దాని బరువు మనకి తెలుస్తుంది. ఇక్కడ చెప్పేదాన్ని, అనుకుంటున్నాను. ఇందాకా నది దగ్గర అనుకున్నాను, హీరోయిన్ జుట్టు దగ్గర అనుకున్నాను, ఇప్పుడు ఇటుకల దగ్గర, ఒక్కొక్క నవ్వూ వినపడ్డ చోటల్లా, ఇదిగో ఇక్కడ నేనుంటే ఒక్క మాట అనేదాన్ని, వద్దే ఉడతా, ఇటుక నిజంది వద్దు. పంతొమ్మిదేళ్ళు ఆ పుస్తకంమీద వేలు పెట్టుకుని కూచున్నదాన్ని, ఎక్కడ జనం కదులుతారో ఎక్కడ దగ్గుతారో నాకు తెలిసినట్టు దాన్ని రాసినాయనకే తెలీదు. ఉడత నన్ను పిలిచింది. పిలవలేదని అనడానికి లేదు. కథ రాసుకునేటప్పుడు పిలిచింది, మీ నాన్న నాటకం, నీ ఇష్టం, అన్నాను. షూటింగప్పుడు కారు పంపిస్తానంది, ఎండ అన్నాను. ఎడిటింగప్పుడు మూడుసార్లు పిలిచింది, అమ్మా, ఒక్కసారి వచ్చి చూడు, నాకు ఎక్కడో తేడాగా ఉంది, ఎక్కడో తెలీడంలేదు అంది. మోకాలి నొప్పి అన్నాను. ఆ రోజు నా మోకాలు భేషుగ్గా ఉంది. ఫోను పెట్టేసి మూడంతస్తులు దిగి వెళ్ళి కూరగాయలు తెచ్చుకున్నాను. ఇప్పుడు నిజంగా నొప్పెడుతోంది, ఈ సీట్ల మధ్య కాళ్ళు చాపుకునే వీల్లేదు.

ఎందుకు వెళ్ళలేదంటే కోపం. ఇన్నాళ్ళూ దానికి వేరేవేరే పేర్లు పెట్టుకున్నాను, ఈ చీకట్లో కూచుంటే ఒక్కటే పేరు దొరుకుతోంది. మొదటిసారి వచ్చి కథ చెప్పినప్పుడు, నాన్న ఎనిమిదిమందినీ తీసేస్తున్నాం అమ్మా, సినిమాలో నిజం నది ఉండాలంటున్నారు, అంది. ఆ మాటకి నాకు మనసు విరిగింది. తీసెయ్యి, చూద్దాం, అనుకున్నాను. చూద్దాం అనే మాట ఎంత చిన్నదో. దాని వెనక, పడతావులే, పడి నా దగ్గరికే వస్తావులే అనేది ఉంది. అది నా కూతురు. నా మోకాలిమీద అక్షరాలు దిద్దుకున్న పిల్ల. తెరమీద పడవమనిషి తన కూతురి జడ వేస్తోంది, ఈ సీను బావుంది, ఇది బావుంది, ఎవరూ నవ్వలేదు, జడ వేస్తూ వేస్తూ రిబ్బను పళ్ళతో పట్టుకుంది, అది నేను చేసేదే, పక్కతెర చాటున, నాటకం మొదలయ్యేముందు, రెండు చేతులూ చాలక. గుర్తుపెట్టుకుంది. పక్క అమ్మాయి పాప్‌కార్న్ డబ్బా నావైపు చాపింది, తీసుకోండి ఆంటీ అన్నట్టు, వద్దమ్మా అన్నట్టు చెయ్యి ఊపాను.

ఆ వేషం మొదట నాది. ఈ సంగతి ఈ హాల్లో ఎవరికీ తెలీదు, ముందు వరస పెద్దాయనకి కూడా తెలీదు. ఆరు వారాలు నేనే రిహార్సలు చేశాను, ఆ చివరి పాట మొదట నా గొంతుకే కట్టారు మా ఆయన, ఇంటి వంటగదిలో, నేను పప్పు రుబ్బుతుంటే. ఆ తరవాత గంటమ్మ వచ్చింది. పాడమంటే ఒక్క చరణం పాడింది, పై మేడమీద పావురాలు లేచిపోయాయి. నేనే అన్నాను, ఈవిడ పాడాలి అని. నిజంగానే అన్నాను, ఈవిడ గొంతు ముందు నాదెంత. కానీ మా ఆయన అందరిముందూ నవ్వుతూ, మా ఆవిడ గొంతు గుసగుసకి బావుంటుంది అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మనసులో ఏమీ లేని మాట అది, ఆయన చెడ్డవారు కారు, నాకు జ్వరమొస్తే తల పట్టుకుని కూచునేవారు. ఆ మాట మాత్రం నాలోంచి వెళ్ళలేదు. ఆ రోజునుంచి నేను గుసగుస. స్టూలు, దీపం, పుస్తకం.

నాటకం మొదలెట్టిన రెండో ఏడు అనుకుంటా, ఉడతకి ఆరేళ్ళు. పెద్ద ఊరు, పెద్ద హాలు, ఆ రోజు పొద్దున పేపర్లో మా నాటకం గురించి అరపేజీ రాశారు. రాసినాయన ఎవరో చాలా శ్రద్ధగా రాశాడు, వయొలిన్ వాయించినాయన పేరుంది, దీపాలు వేసినాయన పేరుంది, ఆఖరికి తెర లాగే ముసలాయన పేరు కూడా ఉంది, అంత నున్నగా లేచే తెరని చూడలేదని. నా పేరు లేదు. ఉండదు కదా, నేను వినపడకపోవడమే నా పనితనం, నేను ఎంత బాగా చేస్తే అంత లేనట్టు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా ఆ పేపరు నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుని ఆ సాయంత్రం స్టూలుమీద కూచున్నాను. గంటమ్మకి చివరి పాటలో ఒక చోట ఎప్పుడూ తడబాటే. పిలిస్తే వచ్చేదాన్ని పొద్దయినా మాపయినా అనేదాకా గంటలా వస్తుంది, తరవాతి ముక్క, పిలవకపోతే ఏ ఒడ్డుకని నడపను నేను అనేది, అక్కడ ఆగుతుంది. ప్రతి ఆటకీ ఆగుతుంది, ప్రతి ఆటకీ కంటికొసతో నావైపు చూస్తుంది, పిలవకపోతే అని నేను అందిస్తాను, అందుకుంటుంది, జనం ఆ ఆగడం కూడా నటన అనుకుంటారు. ఆ సాయంత్రం కూడా ఆగింది. నావైపు చూసింది. నా వేలు ఆ మాటమీదే ఉంది, నాలుకమీద ఆ మాట సిద్ధంగా ఉంది. నేను నోరు తెరవలేదు.

మర్చిపోలేదు, చోటు తప్పలేదు, దీపం ఆరలేదు. నోరు తెరవలేదు, అంతే. పాడు, గంటమ్మా, నా మాట లేకుండా పాడు, చూద్దాం. ఆ ఎనిమిదిమంది ఊపిరి పీల్చి వదులుతున్నారు, నేను లెక్కపెట్టాను, ఒకటి, రెండు. హాల్లో ఒక్క దగ్గు లేదు. గంటమ్మ కళ్ళలో భయం చూశాను, ఆ భయం చూసి నాకు, చెప్పడానికి సిగ్గుగా ఉంది, చల్లగా అనిపించింది. ఐదు, ఆరు. అప్పుడావిడ నావైపు చూడ్డం మానేసి మెల్లిగా ఆ చెక్కబల్లమీద కూచుంది, తెడ్డు ఒళ్ళో పెట్టుకుంది, ఎదురుగా లేని అవతలి ఒడ్డుకేసి చూస్తూ ఉండిపోయింది. పదకొండు ఊపిర్లు. పదకొండోదానికి వెనక వరసల్లో ఎవరో వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ ఏడుపు ఒక వరసనుంచి ఇంకో వరసకి పాకింది. మా ఆయన తెర వెయ్యమని సైగ చేశారు, పాట పూర్తికాకుండానే నాటకం అయిపోయింది, జనం లేచి నిలబడ్డారు. ఆ రాత్రే ఆయన నా పుస్తకం తీసుకుని ఆ మాట కొట్టేసి పక్కన ఎర్ర సిరాతో ఇక్కడ మౌనం అని రాశారు. నీ పొరపాటు మనకి కలిసొచ్చిందే, అని నా భుజం తట్టారు. అప్పటినుంచి పదిహేడేళ్ళు ప్రతి ఆటా అలాగే ముగిసింది, ఊరూరా ఆ మౌనం గురించే చెప్పుకున్నారు, గంటమ్మకి బిరుదులిచ్చారు. గంటమ్మ నన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. నేను ఎప్పుడూ ఏమీ చెప్పలేదు.

తెరమీద వంతెన తెరిచేశారు. బాణసంచా కాల్చారు, వెనక ఎవడో, అయిపోయింది లేవండ్రా, అన్నాడు, కొంతమంది నిజంగానే లేచారు, తెరకి అడ్డంగా వాళ్ళ నీడలు పోయాయి. రేవులో ఎవరూ లేరు. హీరోయిన్ ఖాళీ పడవలో నిలబడింది. పాట ఎత్తుకుంది, వేరే అమ్మాయి పాడింది దానికి, మంచి గొంతే. పిలిస్తే వచ్చేదాన్ని. నా చేతులు సంచీని గట్టిగా పట్టుకున్నాయి. పొద్దయినా మాపయినా. ఆగింది. వయొలిన్లు ఆగాయి, నీళ్ళ చప్పుడు ఆగింది, ఇంతసేపూ చెవులు హోరెత్తించినవన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. ఆ పిల్ల మెల్లిగా కూచుంది. హాల్లో ఒక క్షణం ఏమీ లేదు, తరవాత ఒకడు ఈల వేశాడు, సౌండ్, సౌండ్ అని అరిచారు, ఇంకొకడు చప్పట్లు కొట్టాడు, మిషను గదికేసి తిరిగి చెయ్యి ఊపాడు. నవ్వులు. పక్క అమ్మాయి నావైపు వంగింది.

"ఆంటీ, సౌండ్ పోయిందా?"

"పోలేదమ్మా."

"మరి?"

"ఆవిడకి మాట గుర్తు రావడంలేదు."

ఆ అమ్మాయి ఫోను బోర్లా పెట్టి తెరకేసి చూసింది. అప్పుడు నాకు వినపడింది. ముందు నా ఊపిరే అనుకున్నాను. కాదు. నవ్వుల కింద, ఈలల కింద, చాలా మెల్లిగా, గోడల్లోంచి వస్తున్నట్టు, మనుషులు ఊపిరి పీల్చి వదులుతున్నారు, గొంతు వెనకనుంచి, అందరూ కలిసి. ఆ ఊపిరి నాకు తెలుసు. అందులో కొద్దిగా గరగరమనేది ఎవరిదో కూడా తెలుసు, ఎడమ చివర కూచునే ఆయనది, ఆయనకి ఉబ్బసం. మూడు, నాలుగు. ముందు వరస పెద్దాయన చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. ఏడు, ఎనిమిది. ఎవరో, కాసేపు ఆగండయ్యా, అన్నారు, ఎవరూ ఆగలేదు. తొమ్మిది. పది. పదకొండోది వదిలాక తెర నల్లబడింది. సరిగ్గా పదకొండు. ఆ సంఖ్య నేను ఎవరికీ చెప్పలేదు, ఆ పుస్తకంలో ఎక్కడా లేదు, తరవాత ఆటల్లో గంటమ్మ ఒకరోజు ఎనిమిదికి ఆపేది, ఒకరోజు పదిహేనుకి. మొదటి రోజున మాత్రమే పదకొండు. ఆ రోజున లెక్కపెట్టింది నేను. నా మోకాలిమీద ఇంకొకళ్ళున్నారు.

దీపాలు వేశారు. జనం లేస్తున్నారు, కాళ్ళకింద పాప్‌కార్న్ నలుగుతోంది. పోన్లే, ఏసీ బావుంది, అన్నాడు ఒకాయన. తల్లీకూతుళ్ళ జడ సీను బావుందే, అంది ఒకావిడ పక్కావిడతో, నాకు ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పెద్దాయన లేవలేదు, భార్య లేపుతోంది, నాటకం నువ్వు చూసుండాల్సింది, అంటున్నాడు, ఎన్నిసార్లు చెప్తారు, అంటోందావిడ. పక్క అమ్మాయిల్లో ఒకమ్మాయి వెళ్తూ వెళ్తూ, చివర్లో ఏదో అర్థంకాలేదు కానీ ఒళ్ళు జలదరించింది, అంది. రెండో అమ్మాయి, నాకేం లేదు, అంది. నేను అందరూ వెళ్ళేదాకా కూచుని, చెప్పులు వెతుక్కుని, సీటు పట్టుకుని లేచి వెనక్కి తిరిగాను. ఆఖరి వరసలో మూలన ఒకళ్ళున్నారు. టోపీ, ముక్కుదాకా గుడ్డ, రెండు కాళ్ళూ సీటుమీదకి లాక్కుని మోకాళ్ళమీద గడ్డం పెట్టుకుని. అలా కూచునే మనిషి నాకు ఒక్కతే తెలుసు.

మెట్లు ఎక్కి వెళ్ళి దాని పక్కన కూచున్నాను. గుడ్డ కిందకి లాగింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి. ఇది ఎన్నో ఆట అని అడిగాను. ఏడోది అంది. ప్రతి ఆటకీ వస్తోందట, ఎక్కడెక్కడ నవ్వుతున్నారో చూడ్డానికి. ఎందుకే అన్నాను. ఇంట్లో కూచుంటే నవ్వులు ఇంకా పెద్దగా వినపడుతున్నాయి అంది. ఖాళీ తెరకేసి చూస్తూ అడిగింది.

"ఎలా ఉంది?"

పెద్దవాళ్ళకి నోటికొచ్చే మాటలన్నీ నాకూ వచ్చాయి. బావుంది, జనానికి తెలీదు. మీ నాన్న ఉంటే సంతోషించేవారు. కాలమే చెబుతుంది. అవన్నీ పక్కకి నెట్టాను.

"బాలేదు."

తల ఊపింది. భుజాలు కొద్దిగా దిగాయి, ఎవరో బరువు అందుకున్నట్టు. నేను ఊపిరి సంగతి అడిగాను. ఎనిమిదిమందిలో ఐదుగురు ఉన్నారట ఇంకా, ఒక్కొక్కళ్ళ ఇంటికీ వెళ్ళి కూచోబెట్టి రికార్డు చేసుకుందట, పోయిన ముగ్గురి బదులు తనే మూడుసార్లు ఊపిరి తీసిందట. అది తీసెయ్యమని నిర్మాత కాళ్ళా వేళ్ళా పడ్డాడట, జనం సౌండ్ పోయిందనుకుంటారని. అనుకున్నారు, అంది. మరి మొదటినుంచీ నదికి అదే పెట్టుకోవచ్చుగా అన్నాను, అనేశాక నాలుక కొరుక్కున్నాను. పెట్టాలనిపించింది, కాని నాకు ధైర్యం చాలలేదు, అవునని చెప్పే మనిషి పక్కన ఒక్కళ్ళు లేరు అంది. నన్ను దెప్పినట్టు కాదు, జరిగింది చెప్పినట్టు అంది. అది ఇంకా లోతుగా దిగింది.

"నా మోకాలికి ఏమీ కాలేదు," అన్నాను. "నువ్వు పిలిచినప్పుడు. అబద్ధం చెప్పాను."

"తెలుసు. ఆ రోజు నువ్వు కూరగాయల సంచీతో మెట్లెక్కుతుంటే మీ ఇంటికిందే ఉన్నాను, కారులో. తీసుకెళ్దామని వచ్చాను."

"పిలవలేదేం?"

"పిలిస్తే వచ్చేదానివి. వచ్చి, బావుందని చెప్పి వెళ్ళేదానివి."

ఇక ఆగలేకపోయాను. ముప్ఫై ఆరేళ్ళనుంచి నాలుక కింద దాచుకున్నది చెప్పాను, పేపరు మడతలనుంచి మొదలుపెట్టి, గంటమ్మ చూపు, నా వేలు, నా నోరు. మీ నాన్న పొరపాటనుకున్నారు, పొరపాటు కాదు, అన్నాను. అది నావైపు చూడలేదు. ముందు సీటు వెనక గుడ్డ చిరిగిన చోట వేలితో గోకుతోంది.

"నాకు ఆరేళ్ళమ్మా, చదవడం వచ్చు. నీ వేలు ఎక్కడుందో చూశాను. నీ ముఖమూ చూశాను. చాలా రోజులు నీ ఒళ్ళో కూచోడానికి భయమేసింది."

ఇంకేం అంటుందోనని కూచున్నాను. చీపురు పట్టుకుని ఒకావిడ కింద వరసల్లో ఊడుస్తూ వస్తోంది, ఒక్కొక్క సీటూ ఎత్తి కింద చూస్తూ. తరవాత ఉడత నెమ్మదిగా అడిగింది, ఆ రోజు నువ్వు మాట అందించి ఉంటే ఏమయ్యేది అని. నాటకం మామూలుగా ముగిసేది, ఎవరూ ఏడ్చేవారు కారు, అన్నాను. అది నిజం, ఆ నిజాన్నే పట్టుకుని ఇన్నేళ్ళూ నన్ను నేను సమాధానపరచుకున్నాను. మరి నాకు అందించి ఉంటే, అంది. ఈసారి నావైపు తిరిగి అడిగింది. బావుండేదేమో. అప్పుడూ నవ్వేవాళ్ళేమో. నదికి ఎనిమిదిమందిని పెట్టినా ఈలలు వేసేవాళ్ళేమో, ఎవరికి తెలుసు.

"తెలీదు," అన్నాను. "కానీ నీకు అందించాల్సింది."

అప్పుడు ఏడ్చింది. మూడు రోజులనుంచి ఏడ్చిన ఏడుపు కాదు, వేరేది, గొంతుతో. ఊడ్చే ఆవిడ మాదాకా వచ్చి, చీపురు ఆపి, ఏమ్మా సినిమా అంత బాధగా ఉందా, అంది. ఉందమ్మా, అన్నాను. ఉడత ఏడుస్తూనే నవ్వింది. నేను రేపు గంటమ్మ ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెప్తాను అన్నాను, ఎలా చెప్తానో తెలీదు, ఆవిడ నన్ను గుమ్మంలోంచే పంపించెయ్యచ్చు. నేను రానా అంది. వద్దు, నేనే వెళ్ళాలి, అన్నాను. టోపీ తీసి సంచీలో పెట్టుకుంది. దాని జుట్టు చెమటకి చెవి వెనక అంటుకుని ఉంది, సరిచెయ్యబోయి ఊరుకున్నాను. బయట మెట్లమీద ఎండ పడుతోంది. తరవాతి ఆటకి ఏడెనిమిదిమంది ఎక్కుతున్నారు, మేం దిగుతున్నాం, నేను కమ్మీ పట్టుకుని, అది నా రెండో చెయ్యి పట్టుకుని.

"మొదటి సీనునుంచి చెప్పు," అంది. "ఒక్కటీ వదలకు."

మొదటి సీను గుర్తుచేసుకుంటూ రెండు మెట్లు దిగాను. ఆ పడవకి అంత కొత్త రంగు ఎందుకు వేయించావే, అన్నాను.